నల్లరాళ్ళ దీవిలో ఒక పగలు



భిలాయి దగ్గర రిసాలి నుంచి మాట్లాడుతున్నాను. భిలాయి ఉక్కు కర్మాగారంలో, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. రిటైరైన తర్వాత నేనూ మా ఆవిడా ఓడ ప్రయాణం ఒకటి చేశాం. ఆ ప్రయాణంలో మారిషస్ దీవిలో దిగి ఒక పగలంతా తిరిగాం. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ పగటి సంగతే.

మారిషస్ అనగానే మనకు సినిమా పాటలే గుర్తొస్తాయి. నీలిసముద్రం, తెల్లటి ఇసుక, ఒడ్డున కొబ్బరిచెట్లు. ఓడ కంపెనీవాళ్ళు ఇచ్చే రంగుల పుస్తకంలోనూ అవే బొమ్మలు. నిజానికి ఆ తెల్లటి ఇసుక దీవికి అంచు మాత్రమే. అంచు దాటి లోపలికి వెళితే దీవి మొత్తం నల్లరాయి, అగ్నిపర్వతం కక్కిన రాయి. ఆ రాళ్ళను ఏరి పక్కకు పెట్టి, అక్కడ చెరకు పండించినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. అగ్నిపర్వతాన్నీ, దాన్ని పొలం చేసిన మనుషుల గుర్తులనూ రెండింటినీ ఒక్క పగటిలో చూసి రావచ్చు. చూడాలని చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఓడ నడిచిన దారి చెబుతాను. ఆ దారిలోనే ఒక కథ ఉంది.

ముంబయిలో ఓడ ఎక్కేవాళ్ళు ఎక్కువమంది గేట్‌వే ఆఫ్ ఇండియా చూసే ఎక్కుతారు. దాన్ని కట్టింది పసుపు రంగు బసాల్ట్ రాయితో. బసాల్ట్ అంటే గడ్డకట్టిన లావా. ఎదురుగా సముద్రంలో ఉన్న ఎలిఫెంటా గుహలు తొలిచిందీ బసాల్ట్‌లోనే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం భూమి లోపల్నించి లావా తన్నుకొచ్చి, పొర మీద పొరగా పరుచుకుని మహారాష్ట్రనూ చుట్టుపక్కల ప్రాంతాలనూ కప్పేసింది. దాన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. ఇక్కడ మనకు ఉత్తరాన మైకల్ కొండల్లో అమర్‌కంటక్ నెత్తిమీద ఉన్నదీ ఆ రాయే. ఇంకో కొస ఎక్కడో తెలుసా? రాజమండ్రి పక్కన కాతేరులో, గోదావరి దాటితే కొవ్వూరు దగ్గర పంగిడిలో. పడమటి కనుమల వైపు పుట్టిన లావా పాత నదీలోయలు పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మా ఆవిడ పుట్టిల్లు కొవ్వూరు దగ్గరే. పంగిడి క్వారీల కంకర లారీలు చూస్తూ పెరిగిన మనిషి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆ లావాను పైకి ఎగదోసిన వేడి ఊట భూమి లోతుల్లో దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. పైనున్న మన భూఫలకమే ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. అప్పట్లో ఏడాదికి పదిహేను సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో జరిగిందట. ఫలకం జరుగుతున్నకొద్దీ ఆ ఊట సముద్రం అడుగున వరసగా కొండలు పోస్తూ వచ్చింది. లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దీవులు, వీటన్నిటికీ పునాది ఆ కొండలే. మాల్దీవుల్లో దిగితే మనకు ఒక్క నల్లరాయి కనబడదు, అంతా పగడపు సున్నమే. కింద లోతుకు తవ్వితే తగిలేది మాత్రం లావా. ఆ వరసలో ఎంతో తర్వాత, సుమారు 80, 90 లక్షల ఏళ్ళ క్రితం లేచింది మారిషస్. దాని తర్వాతది రీయూనియన్. రీయూనియన్‌లోని పితోం ద లా ఫూర్నేజ్ అనే అగ్నిపర్వతం ఈనాటికీ తరచూ బద్దలవుతూనే ఉంది.

అంటే ముంబయి నుంచి మాల్దీవుల మీదుగా మారిషస్ వెళ్ళే ఓడ, ఆ నిప్పు నడిచిన బాట వెంటే వెళుతుందన్నమాట. ఓడలో రోజులు ఎలా గడిచాయో పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. తిండి, ఆట, పాట, నిద్ర, మళ్ళీ తిండి. నేల కనబడగానే మాత్రం అందరూ రెయిలింగు దగ్గరికి చేరారు.

పోర్ట్ లూయీ రేవులోకి తెల్లవారుతుండగా వచ్చాం. సాయంత్రం అయిదింటికల్లా తిరిగి ఓడలో ఉండాలని ముందే హెచ్చరించారు. రేవు నుంచి చూస్తే ఊరి వెనక కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఒక కొండ బొటనవేలు ఎత్తినట్టుంటుంది. దాని పేరు ల పూస్, 812 మీటర్లు. ఇంకోటి పీటర్ బోత్, 820 మీటర్లు, శిఖరం మీద తలకాయలాంటి బండ ఒకటి పడిపోకుండా కూర్చుని ఉంటుంది. ఇవి విడివిడి కొండలు కావు. మొదట లేచిన ఒకే పెద్ద అగ్నిపర్వతం అరిగి, కూలి, మిగిలిన అంచులు.

ఈ మాట నేను కనిపెట్టింది కాదు. 1836 ఏప్రిల్ 29న బీగిల్ అనే ఓడ ఇదే రేవులో ఆగింది. దాదాపు అయిదేళ్ళపాటు ప్రపంచం చుట్టిన ఓడ అది. అందులోంచి దిగిన 27 ఏళ్ళ కుర్రాడు ఛార్లెస్ డార్విన్. జీవపరిణామం గురించి ప్రపంచానికి చెప్పడానికి అప్పటికింకా ఇరవై ఏళ్ళకు పైనే ఉంది. ఆ రోజుల్లో ఆయన ధ్యాసంతా రాళ్ళ మీదే. ల పూస్ ఎక్కి చుట్టూ చూశాడు. లోపల పీఠభూమి, చుట్టూ ముక్కలు ముక్కలుగా కొండలు కనిపించాయి. ఆ ముక్కలన్నీ కలిపితే ఒకప్పటి మహా అగ్నిపర్వతం అడుగుభాగం అవుతుందని ఊహించాడు. అగ్నిపర్వత దీవుల గురించి 1844లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో మారిషస్‌కూ చోటిచ్చాడు. సర్వేయర్ జనరల్ లాయిడ్ దగ్గర ఏనుగు ఉంటే దానిమీద కూడా ఎక్కి తిరిగాడు. దీవి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఏనుగే.

డార్విన్ ఇంకో సంగతి కూడా గమనించాడు. పోర్ట్ లూయీ రోడ్లు వేస్తున్నది భారతదేశం నుంచి తెచ్చిన యావజ్జీవ ఖైదీలు. వాళ్ళ నిలువెత్తు రూపం, ముఖంలోని హుందాతనం తనను ఆశ్చర్యపరిచాయని రాసుకున్నాడు. ఆ దీవి రాయిమీద మొదట పనిచేసిన భారతీయుల్లో వాళ్ళున్నారు. డార్విన్ దిగడానికి ఏడాదిన్నర ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలను తెచ్చి అక్కడే దింపింది. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు ఇక చేతులు కావాలి. ఆ చేతులు మన దేశం నుంచి వెళ్ళాయి.

మేము మొదట వెళ్ళింది వాళ్ళు దిగిన చోటికే. దాన్ని ఆప్రవాసీ ఘాట్ అంటారు. రేవు ఒడ్డునే ఉంది. 1849లో కట్టిన కూలీల డిపో అది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఇప్పుడు మిగిలింది కొంతే. కాపలాదారు గది, ఆసుపత్రి గదుల గోడలు, వంటశాల ఆనవాళ్ళు, పడవ దిగి పైకి ఎక్కే 16 రాతిమెట్లు. మొత్తం నల్ల బసాల్టే. 1834 నుంచి 1920 వరకు దాదాపు 5 లక్షలమంది భారతీయులు ఈ దీవికి వచ్చారు. కొందరిని ఇక్కడి నుంచే వేరే దీవులకు, ఆఫ్రికాకు పంపారు. డిపోలో ఒకటి రెండు రోజులు ఉంచి, ఒక్కొక్కరికి ఒక నంబరు వేసి, తోటలకు పంచేవారు. మగవాళ్ళకు తొలినాళ్ళలో జీతం నెలకు 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. ఒప్పందం అయిదేళ్ళు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. డ్యూటీకి ఒకసారి రాకపోతే రెండు హాజరులు కొట్టేస్తే మన ప్లాంట్లో ఏమయ్యేదో ఊహించండి.

మనవాళ్ళ సంగతికొస్తాను. తెలుగువాళ్ళు వెళ్ళిన రేవుల్లో మొదట చెప్పుకోవలసింది కోరింగ. కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ ఒడ్డున ఉన్న పాత రేవు. ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి పేరుపొందిన ఊరు. పొరుగున ఉన్న యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళది. అక్కడి నుంచి 1828 నాటికే కొద్దిమంది తెలుగు కూలీలను ఫ్రెంచివాళ్ళు రీయూనియన్‌కు పట్టుకెళ్ళారు. అట్లాస్ ఓడ కంటే ముందన్నమాట. తర్వాత మారిషస్ వంతు. 1839లో కూలీలను పంపడం ఆపేశారు. అవకతవకలు, మోసాలు ఎక్కువై గోల పుట్టడంతో ఆపారు. 1842 చివర మళ్ళీ అనుమతి ఇచ్చారు. మారిషస్ తెలుగువాళ్ళు తమ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకునే ఓడ కోరింగ ప్యాకెట్. అది 1843లో వెళ్ళింది. కాకినాడ, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి కూడా ఓడలు వెళ్ళాయి. ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ జనం కదిలారు. కోరింగ రేవు పేరుమీదే ఆ రోజుల్లో అక్కడి కాగితాల్లో తెలుగువాళ్ళను కోరంగీలని రాసేవారు.

ఎందుకు వెళ్ళారంటే ఒక్క కారణం చాలదు. 1832-33లో డొక్కల కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరింగను ముంచేసింది. మిల్లు బట్టలు వచ్చి నేతగాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. గోదావరి నిండుగా పారుతున్నా పొలానికి నీరు ఎక్కే దారి లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ ఆనకట్ట ఇరవై ఏళ్ళు ముందు వచ్చి ఉంటే ఓడలెక్కేవాళ్ళు చాలామంది తగ్గేవారని నా నమ్మకం.

తెరచాప ఓడలో కోరమండల్ తీరం నుంచి మారిషస్‌కు అయిదారు వారాలు, గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. మా ఓడలో ఈతకొలను ఉంది, సినిమా హాలు ఉంది. అదే సముద్రం.

డిపో చూశాక టాక్సీ మాట్లాడుకుని పైనున్న క్యూర్‌పీప్ ఊరికి బయల్దేరాం. ఇప్పుడు పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్‌కు మెట్రో రైలు కూడా ఉంది. కాని దారిలో ఆగి చూడాలంటే టాక్సీయే మేలు. డ్రైవరు యాభై దాటినవాడు. హిందీలో పలకరిస్తే హిందీలోనే జవాబిచ్చాడు. భిలాయి వాళ్ళకి అదో సుఖం. మేము తెలుగువాళ్ళమని తెలిసి, తన పెద్దలు కూడా ఆంధ్రా నుంచి వచ్చారన్నాడు. బడిలో తెలుగు చదివాడట. "నమస్కారం ఆంటీ, బాగున్నారా" అని మా ఆవిడను అడిగి, "ఇక నాకు వచ్చింది భజనే" అని నవ్వాడు. రామభజనం అక్కడి తెలుగువాళ్ళకు పెద్ద పండగ. మధ్యలో దీపం పెట్టి దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. మాట మరిచినా పాట మరవలేదు. అమ్మోరు పండగ చేస్తారు. సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. అప్పల్‌సామి అన్న ఇంటిపేరు ఆ దీవిలో మామూలే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి భిలాయి సెక్టార్లలో స్థిరపడిన మనకు ఆ పేరు ఎక్కడిదో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఊరు దాటాక చెరకు తోటలు మొదలయ్యాయి. తోటల మధ్య అక్కడక్కడా నల్లరాళ్ళ గుట్టలు. కొన్ని మనిషెత్తు, కొన్ని డాబా ఎత్తు. కొన్నింటిని మెట్లు మెట్లుగా, పద్ధతిగా పేర్చారు. చుట్టూ పచ్చటి చెరకు, మధ్యలో ఈ గుట్టలు. టూరిస్టు బస్సులు వీటి దగ్గర ఆగవు. మేము ఆగాం.

సంగతేమిటంటే, ఆ దీవి మీద లావా ఎన్నో లక్షల ఏళ్ళపాటు విడతలు విడతలుగా పారింది. చివరి విడత ఆగి సుమారు 25 వేల ఏళ్ళే అయింది. రాయి వయసులో అది నిన్నా మొన్నా లెక్క. పాత లావా మాగి మట్టి అవుతుంది, కొత్త లావా బండలు బండలుగానే ఉండిపోతుంది. నాగలి పెట్టడానికి లేదు. ఆ బండలను ముందు బానిసలు, తర్వాత ఒప్పంద కూలీలు చేతులతో, గడ్డపారలతో పెకలించి, మోసుకొచ్చి, ఒకచోట పేర్చారు. ఖాళీ అయిన చోట చెరకు నాటారు. 19వ శతాబ్దం మధ్యకల్లా బ్రిటిష్ సామ్రాజ్యంలో చక్కెర ఉత్పత్తిలో మారిషస్ ముందు నిలిచింది. ఆ చక్కెర లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి. దానికోసం ఎత్తిన రాళ్ళ లెక్క మాత్రం పొలాల్లోనే ఉంది.

మా ఆవిడ దగ్గరికెళ్ళి ఒక రాయి మీద చెయ్యి వేసి చూసింది. "ఇవి మన పంగిడి రాళ్ళలాగే ఉన్నాయి కదండీ?" అంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఒకే వేడి ఊట రెండు కాలాల్లో పోసిన రాళ్ళు అవి. ఆరున్నర కోట్ల ఏళ్ళ కింద పోసిన రాయి గోదావరి ఒడ్డున ఉంది. మొన్న మొన్న పోసినది ఈ దీవిలో ఉంది. ఆ బాటకు ఒక చివరన పుట్టిన కూలీ, ఇంకో చివరకు వచ్చి రాళ్ళెత్తాడు. ఈ సంగతి ఆ కూలీకి తెలియదు, తోట యజమానికీ తెలియదు.

అక్కణ్ణుంచి క్యూర్‌పీప్ చేరాం. దీవి నడుమ ఎత్తైన ఊరు. 1867 ప్రాంతంలో పోర్ట్ లూయీలో మలేరియా ప్రబలి వేలమంది చనిపోయారు. అప్పుడు స్తోమత ఉన్నవాళ్ళంతా చల్లటి ఈ ఊరికి ఎక్కేశారు. ఊళ్ళోనే ఉంది అగ్నిపర్వత బిలం, దాని పేరు త్రూ ఓ సెర్ఫ్. అడ్డంగా సుమారు 300 మీటర్లు, లోతు 80 మీటర్ల దాకా. లోపల వాలంతా చెట్లు, అడుగున బురదనీటి మడుగు. అంచు చుట్టూ రోడ్డు వేశారు. ఊరివాళ్ళు ఉదయం నడకకు వస్తారు. నిప్పుల గుండం ఊహించుకుని వెళ్ళినవాళ్ళు కొంచెం నిరాశపడతారు. మా ఓడలో వాళ్ళు ఫోటో తీసుకుని పదినిమిషాల్లో బస్సెక్కారు.

నాకు మాత్రం అక్కడ చాలాసేపు నిలబడాలనిపించింది. ఎందుకో మన శ్రోతలకు అర్థమవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ ట్యాపింగ్ అయ్యేటప్పుడు, అంటే కరిగిన ఇనుము బయటికి వదిలేటప్పుడు, రన్నర్ కాలువలో స్లాగ్ అనే కరిగిన మలినం పారడం మనలో చాలామంది చూశాం. లావా పారడం కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. అదే ఎరుపు, అదే చిక్కదనం, చల్లారుతుంటే పైన అదే నల్లటి పొర. తేడా ఒకటుంది, వింటే నమ్మరు. మన స్లాగే ఎక్కువ వేడి. స్లాగ్ 1500 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. ఇలాంటి దీవుల లావా 1100, 1200 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఇంకో తేడా ఇనుములో. స్లాగ్‌లో ఇనుము పోయిందంటే మనకు నష్టం కాబట్టి, ఉన్న ఇనుమంతా లాగేస్తాం. నందిని గనుల సున్నపురాయి పోసేది ఖనిజంలోని మలినాన్ని పట్టుకోవడానికే. బసాల్ట్‌లో ఇనుము అలాగే ఉండిపోతుంది. అందుకే ఆ రాయి నలుపు, మాగి మట్టయితే ఎరుపు. దీవికి నైరుతి మూల షామరెల్ అనే చోట ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో మట్టి దిబ్బలున్నాయి. ఏడు రంగుల నేల అని టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. ఆ ఎరుపు మన దల్లీ రాజహరా ఇనుప గనుల ధూళి ఎరుపే. రెండింటికీ రంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడే.

మధ్యాహ్నం గంగా తలావ్‌కు వెళ్ళాం. అదీ పాత అగ్నిపర్వత బిలమే, నీరు నిండి చెరువైంది. అక్కడి హిందువులకు అది కాశీ. 1972లో గంగాజలం తెచ్చి అందులో కలిపారు. ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం ఉంది. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుంచి కావడులు కట్టుకుని జనం కాలినడకన వస్తారు. నిప్పు కక్కిన నోరు తీర్థం అయింది. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా ఒక కోనేరు వెతుక్కుంటారు, ఇక్కడ అగ్నిపర్వతమే తవ్వి ఇచ్చింది.

తిరుగు దారిలో దాల్‌పురి తిన్నాం. శనగపప్పు పొడి లోపల పెట్టి కాల్చిన పల్చటి రొట్టె, మీద కూర, మిరపకాయ పచ్చడి. శనగపప్పుతో చేసే గాతో పిమాం అని ఇంకోటుంది. పేరు ఫ్రెంచి, తింటే మన మసాలా వడే. ఓడలో ఎన్ని రకాలు పెట్టినా ఆకలి తీరిందనిపించింది ఆ బండి దగ్గరే.

అయిదు లోపు ఓడ చేరాం. ఇంతవరకూ నేను చెప్పినదంతా ఒక్క పగటిలో అయ్యే పనే.

అక్కడికి వెళ్ళినవాళ్ళ కథ కష్టంతోనే ముగిసిపోలేదు. ఒప్పందం తీరాక చాలామంది వెనక్కి రాలేదు. పైసా పైసా కూడబెట్టి, పెద్ద తోటలవాళ్ళు ముక్కలు చేసి అమ్మిన నేల కొన్నారు. 1901లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి ఇండియా వస్తూ, తన ఓడ నౌషేరా అక్కడ ఆగితే మారిషస్‌లో దిగారు. మూడు వారాల లోపే ఉన్నారు. పిల్లల్ని చదివించండి, ప్రజావ్యవహారాల్లో పాలుపంచుకోండి అని చెప్పి వెళ్ళారు. ఆ మాట వాళ్ళు విన్నారు. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ పుట్టింది. 1968 మార్చి 12న దేశం స్వతంత్రమైంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఉగాది అక్కడ దేశం మొత్తానికి ప్రభుత్వ సెలవు. మన ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న తెలుగువాళ్ళం సెలవు పెట్టుకుని ఉగాది పచ్చడి తింటుంటే, హిందూ మహాసముద్రంలో ఒక దేశమే తలుపులు మూసి పండగ చేస్తోంది.

మనమూ పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళమే. 1955లో రష్యావాళ్ళతో ఒప్పందమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ఇక్కడి మొదటి ఫర్నేస్ ప్రారంభమైంది. అప్పటికే విశాఖ రాయపూర్ రైలు పట్టాల మీదుగా మన నాన్నలు వచ్చేశారు. వాళ్ళకీ నిప్పుతోనే పని. కాని వాళ్ళకు క్వార్టరు ఉంది, యూనియన్ ఉంది, సంక్రాంతికి ఊరెళ్ళే రైలు ఉంది. కోరింగలో ఓడెక్కినవాడికి ఆ మూడూ లేవు. అందుకే వలసలన్నీ ఒకటేనని నేను అనను. వాళ్ళది మనకంటే ఎంతో కఠినమైన బతుకు. అంత కఠినంగా బతికి కూడా వాళ్ళు భజన నిలుపుకున్నారు. ఇన్ని సౌకర్యాలుండి మన పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోతే అది మన తప్పే.

ఇక ఓడ ప్రయాణానికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మారిషస్‌లో మీకు దొరికే ఒక్క పగటిని బీచ్‌కు మొత్తం రాసివ్వకండి. ఉదయం ఆప్రవాసీ ఘాట్, తర్వాత చెరకు పొలాల్లో రాళ్ళగుట్టలు, ఆపైన క్యూర్‌పీప్ బిలం, వీలైతే గంగా తలావ్. ఈ వరసలో చూస్తే దీవి ఎలా పుట్టిందో, ఎవరు దాన్ని నిలబెట్టారో రెండూ అర్థమవుతాయి. వెళ్ళేటప్పుడు గట్టి చెప్పులు, గొడుగు తీసుకెళ్ళండి. క్యూర్‌పీప్‌లో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

వెళ్ళలేనివాళ్ళకు ఇంకో మాట, నిజానికి ఇదే ముఖ్యమైనది. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1970లో పెట్టారు. వచ్చిన కూలీల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు అందులో రాశారు. 1860ల తర్వాత వచ్చిన చాలామంది ఫోటోలు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా, మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు అని చెబుతుంటే కొట్టిపారేయకండి. ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, ఈ మూడూ ఒక కాగితం మీద ఇవాళే రాసి పెట్టండి. ఆ మూడింటితో వెతకడం మొదలుపెట్టవచ్చు. చెప్పే పెద్దలు పోతే మాత్రం రిజిస్టరు ఎంత భద్రంగా ఉన్నా మనకు ఉపయోగం లేదు.